చెలమనీళ్ల తలంటు

నేను బ్యూటీపార్లర్‌కు బయల్దేరానంటే మా ఇంట్లో పిల్లలకు నవ్వు. ఈ వయసులో ఈమెకు సింగారమేమిటని వాళ్ల ఉద్దేశం. సింగారం ఎవరికి కావాలి? ఆ కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చుంటే ఒక ఆడమనిషి గోరువెచ్చని నీళ్లు ధారగా పోస్తుంది చూడండి, దానికోసం పోతాను. నీళ్లు చెవుల పక్కనుంచి జారిపోతుంటే కళ్లు మూసుకుంటాను. అప్పుడు నాకు ఇద్దరు గుర్తొస్తారు. ఒకామె బెంగుళూరులో గౌను తొడుక్కున్న ఆమె. ఇంకొకామె మా ఊరి గాజులత్త. నా పెళ్లికి ముందు, ఒకరి తర్వాత ఒకరు, నా తల కడిగినవాళ్లు.

మా ఊరు గార్లదిన్నెకూ శింగనమలకూ మధ్యన ఉంటుంది. యాభైలలో నేను చిన్నపిల్లను. ఆడవాళ్ల తల దువ్వడానికి కూడా ఒక అంగడి ఉంటుందని అప్పుడు మాలో ఎవరైనా చెబితే మిగతావాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. మగవాళ్లు చెట్టుకింద కూర్చుని క్షవరం చేయించుకునేవాళ్లు. ఆడవాళ్లకు ఇంటిముందరి అరుగు, మా మాటలో జగిలి, ఉండేది. ఎండ వాలాక అమ్మ ఆ జగిలి మీద కూర్చుని, నన్ను కింది మెట్టు మీద రెండు మోకాళ్ల మధ్యన ఇరికించుకుని దువ్వేది. మెల్లగా దువ్వేదనుకునేరు. మా అమ్మకు పశువుల దగ్గర ఉన్న ఓపిక చిక్కుల దగ్గర ఉండేది కాదు. నేను అరిస్తే నెత్తిన ఒక మొట్టికాయ పడేది. అరవకపోతే దువ్వెన ఇంకా గట్టిగా దిగేది.

ఆ చిక్కులు నా తప్పు కాదు, అమ్మ తప్పూ కాదు, మా నీళ్ల తప్పు. మా ఊరి పెద్దబావి నీళ్లు ఉప్పు. వాటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, విరిగిపోయి తెల్లటి తెట్టులా తేలుతుంది. ఆ నీళ్లతో తలకు పోసుకుంటే వెంట్రుకలు ఆరాక కొర్రగడ్డిలా గరగరమనేవి. తాగడానికి ఇంకొక చిన్నబావి ఉండేది. వానల్లేని ఏడు అది ఎండిపోతే ఏట్లో ఇసుక తవ్వి, చెలమల్లో ఊరిన నీళ్లు ముంతతో తోడి, పీపాలకెత్తి బండిమీద తెచ్చుకోవాలి. ఆ నీళ్లు నోటికే. ఏ కోడలైనా చెలమనీళ్లతో తల కడుక్కుంటే ఊరంతా ఆమె పేరు చెప్పుకునేది, మంచిగా మాత్రం కాదు.

గాజులత్త సాయిబుల ఇంటామె. గాజుల మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. పెళ్లిళ్లలో పూలజడలు కూడా ఆమే కుట్టేది. అమ్మ ఆమెను వదినా అని పిలిచేది. నాయనను ఆమె అన్నా అనేది. జడ వేసేటప్పుడు కుదురు దగ్గర ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కుడిచేత్తో చిక్కు తీసేది కాబట్టి నొప్పి తెలిసేది కాదు. ఆమె వచ్చిన రోజు నేను అమ్మ చేతినుంచి తప్పించుకుని ఆమె ముందు కూర్చునేదాన్ని.

మా అవ్వకు మాత్రం, అంటే నాయన తల్లికి, పట్టింపులు జాస్తి. గాజులత్త జగిలి దాటి లోపలికి రాకూడదు. ఆమె మజ్జిగ తాగడానికి ఒక సత్తు చెంబు బయటి గూట్లో వేరుగా బోర్లించి ఉండేది. ఆ కాలంలో చాలా ఇళ్లలో అంతే. తాగడం అయ్యాక ఆమే కడిగి మళ్లీ బోర్లించి పోయేది. ఆమెకు మనసులో ఎట్లా ఉండేదో మేమెవరమూ అడగలేదు.

అరవైలు వచ్చాయి, నాకు పెళ్లీడు వచ్చింది. నేను నలుపు. పిల్ల నలుపని రెండు సంబంధాలు కాఫీ తాగి వెనక్కి పోయాయి. మూడోది తాడిపత్రి దారిలో ఒక ఊరినుంచి వచ్చింది. ఆ అబ్బాయి తల్లి నా ముఖం పెద్దగా చూడలేదు. నన్ను వెనక్కి తిరగమని, జడ చేతిలోకి తీసుకుని, బరువు చూస్తున్నట్టు రెండుసార్లు ఎగరేసింది.

"జడ బలే ఉండాది. మా ఇంట్లో అందరివీ ఎలకతోకలే. ఈ పిల్లనే చేసుకుంటాం" అంది.

అట్లా ఆ సంబంధం నా జడకు కుదిరింది. జడ వెంబడి నేనూ పోతున్నానన్నమాట. కోపం రావలసిన మాటే గానీ నాకు రాలేదు. ఎందుకంటే అబ్బాయి నాకు నచ్చాడు. తలుపు సందునుంచి చూశాను. వాళ్లమ్మ నా జడ ఎగరేస్తుంటే అతను సిగ్గుతో నేలచూపులు చూస్తున్నాడు. ఇతనే కావాలని ఆ క్షణంలో అనుకున్నాను. ఆ మాట అప్పుడు ఎవరితో చెప్పుకుంటాం!

పెళ్లి చీరలకని అమ్మా నేనూ బెంగుళూరు పోయాం. అక్కడ చిన్నమ్మ ఉండేది, అమ్మకు చెల్లెలు. ఆమె భర్తకు ఫ్యాక్టరీలో ఉద్యోగం. "మన పిల్ల యాదాంట్లో తక్కువ? ఒక్కసారి నేను చెప్పినట్ల చేయండి" అని పట్టుబట్టి, నన్ను కంటోన్మెంటులో ఆడవాళ్ల సెలూన్‌కు తీసుకుపోయింది.

గుండ్రంగా తిరిగే కుర్చీలు, గోడంతా అద్దం. నా తలనుంచి వచ్చే ఆముదం వాసనకు పక్క కుర్చీలో ఒకావిడ ముక్కు మూసుకుంది. నాకు పారిపోదామనిపించింది. గౌను తొడుక్కున్న నడివయసు ఆమె నా భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. ఆమెకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. నా జడ విప్పి, ఆ పక్కావిడకు కూడా కనపడేట్టు పైకెత్తి, ఏదో అంది. అంత ఒత్తు జుట్టు తాను చూడలేదని అంటోందని చిన్నమ్మ చెప్పింది. ఆ పక్కావిడ ముక్కుమీది చెయ్యి తీసేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత తల వెనక్కి వాల్పించి కొళాయి తిప్పింది. నీళ్లు వస్తున్నాయి, పోతున్నాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి. సబ్బు నురగ తెల్లగా, పాలనురగలా లేచింది. నా తలమీద నురగ లేవడం అదే మొదటిసారి. సుఖంగా ఉంది, భయంగానూ ఉంది. ఆమె సీసా కోసం అటు తిరిగితే నేను చెయ్యి చాపి కొళాయి కట్టేశాను. ఆమె తిరిగి చూసి మళ్లీ తిప్పింది. నేను మళ్లీ కట్టేశాను. చివరికి ఆమె నా చెయ్యి పట్టుకుని ఒళ్లో పెట్టి, చంటిపిల్లకు చెప్పినట్టు తట్టింది. ఆ తట్టడం ఇప్పటికీ నా చేతిమీద ఉంది.

కడిగి, ఆరబెట్టి, వెంట్రుకలు వెనక్కి దువ్వి ఉబ్బించి, నెత్తిమీద గోపురంలాంటి కొప్పు నిలబెట్టింది. అది పడిపోకుండా డబ్బాలోంచి ఒక మందు చిమ్మింది. తలుపులకు వేసే వార్నీషు వాసన. ఆరాక తాకి చూస్తే కొప్పు గట్టిగా పెంకులా ఉంది. స్టూడియోలో ఫోటో తీయించారు. కొప్పు నలగకూడదని ఆ రాత్రీ, రైల్లోనూ గోడకానుకుని కూర్చునే నిద్రపోయాను. గార్లదిన్నెలో దిగి ఊరు చేరేసరికి నన్ను చూడడానికి ఆడవాళ్లంతా జగిలి చుట్టూ మూగారు. అవ్వ ఒక్కతే, "ఏందిమే అది, తలకాయ మీద కుండ బోర్లించినట్ల" అని లోపలికి పోయింది.

మర్నాడు నన్ను పెళ్లికూతుర్ని చేసే రోజు. మాలో పెళ్లి మగపిల్లవాడి ఊళ్లో జరుగుతుంది. బయల్దేరే ముందురోజు పుట్టింట్లో పిల్లకు నలుగు పెట్టి, నూనెంటి, మంచిగడియలో తలకు పోయాలి. ఆ స్నానం మానడానికి వీల్లేదు. కొప్పు విప్పి తలకు పోయాలంతే. ముత్తైదువలు ఒకరి తర్వాత ఒకరు నూనె పెట్టారు, నలుగుపిండి రుద్దారు, సీకాయ పులిమారు. పైన పెద్దబావి నీళ్లు, కాగినవి, కాగుల్లోంచి ముంచి ముంచి పోశారు.

అమ్మ చెయ్యి నా తలమీద ఆగిపోయింది.

"ఏందే ఇది" అంది మెల్లగా.

ఆ వార్నీషులాంటి మందు, నూనె, పిండి, ఉప్పునీళ్లకు విరిగిన సీకాయ, అన్నీ కలిసి బంకగా మారాయి. వెనక్కి దువ్వి ఉబ్బించిన జుట్టేమో ముందే ఒకదాన్లో ఒకటి చిక్కుకుని ఉంది. ఇంకా పోస్తే పోతుందేమోనని ఇంకో రెండు కాగులు పోశారు. పోసేకొద్దీ బిగిసింది. ఎండలో కూర్చోబెట్టి ఆరబెడితే నా నడుందాకా ఉండే జుట్టు మెడమీద ఒక ముద్దగా, పేడపిడకలా గట్టిపడింది. దువ్వెన దిగలేదు. దువ్వెన పన్ను విరిగింది.

ఎవరి తప్పూ లేదు. బెంగుళూరు ఆమెకు మా బావి తెలియదు, మా ముత్తైదువలకు ఆ డబ్బా మందు తెలియదు. కానీ రేపు పొద్దున్నే నేను బండెక్కాలి. జడ చూసి ఒప్పుకున్న అత్తగారి ముందు దిగాలి. అవ్వ లోపలినుంచి కత్తెర తెచ్చి జగిలి మీద పెట్టింది.

"మెడకాడికి కోసేయండి. ఇంగేం చేస్తారు" అంది.

"పెండ్లి పిల్లకు జుట్టు కోస్తారా అత్తా? ఆ యమ్మ చూస్తే ఆడనే బండి తిప్పి పంపదా?" అని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాకు ఏడుపు కూడా రాలేదు. ఆ తలుపు సందు, నేలచూపులు చూస్తున్న అతను, అవే కళ్లముందు తిరుగుతున్నాయి. నాయన ఇంట్లో లేడు. ఆ ఏడు చిన్నబావి ఎండిపోయింది. ప్రయాణానికీ చుట్టాలకూ తాగేనీళ్లు కావాలని తెల్లవారుజామునే పీపా వేసుకుని ఏటికి పోయాడు. చెలమల దగ్గర ఊళ్లన్నీ చేరుతున్నాయి, తిరిగి వచ్చేది మర్నాడు పొద్దుటికే.

మధ్యాహ్నం గాజులత్త నాకు పెళ్లిగాజులు తొడగడానికి వచ్చింది. అది రంజాను నెల. మా దిక్కున ఆ ఉపవాసాన్ని ఒక్కపొద్దు అంటారు. తెల్లవారకముందు తిన్నవాళ్లు పొద్దు గుంకేదాకా గుక్కెడు నీళ్లయినా ముట్టరు. ఎండలో నడిచి వచ్చి మలారం దించి, నా తల చూసి, కత్తెర చూసింది. ముందు కత్తెర తీసి తన మలారం కింద పెట్టుకుంది.

"ఇదెట్ల తీస్తావు వదినా?" అంది అమ్మ.

"నాకేం తెలుసు వదినా, ఇట్లాంటిది నేనూ యాడా చూళ్లే. చూస్తాం. అల్లా ఉండాడు, నీ దేవుడూ ఉండాడు" అని జగిలి మీద కూర్చుని నన్ను మెట్టుమీద కూర్చోబెట్టుకుంది.

మొదట పులిసిన మజ్జిగ రాసింది. వాసన వచ్చింది తప్ప ముద్ద కదల్లేదు. తర్వాత ఆముదం తెప్పించి కాచి, గోరువెచ్చగా ఒక్కొక్క చోట అద్ది, వేళ్లతో నలుపుతూ కూర్చుంది. చాలాసేపటికి అంచున నాలుగు వెంట్రుకలు విడివడ్డాయి. "వస్తాండాది" అంది. ఎంత చిన్నగా అందంటే, నాకొక్కదానికే వినపడింది.

ఇక అక్కణ్నుంచి, పూలజడలు కుట్టే సూదితో, వేళ్లతో, ఎప్పటిలాగే ఎడమచేత్తో కుదురు పట్టుకుని, విడదీసిన పాయను నా భుజం మీద వేసుకుంటూ పోయింది. నాకు ఆమె ముఖం కనపడదు. ఊపిరి మెడకు తగిలేది. మధ్యమధ్య ఎండిన నోట్లో నాలుక కదిలే చప్పుడు వినపడేది. ఒకసారి చేతులు ఆగాయి. తిరిగి చూస్తే స్తంభానికి తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది, పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి. అమ్మ గాబరాగా, "వదినా, కొంచెం మజ్జిగ..." అని నాలిక కరుచుకుంది. ఆమె కళ్లు తెరవకుండానే నవ్వి మళ్లీ చేతులు కదిపింది. చిన్నప్పుడు అరిచి గోల చేసిన నేను ఆరోజు కిక్కురుమనలేదు.

ఎండ జగిలి దిగేసరికి ముద్ద మొత్తం విడిపోయింది. ఒక్క వెంట్రుక కొయ్యలేదు. కానీ తలంతా ఆముదం, పిండి, బంక. ఒకసారి కడగాలి. బావినీళ్లు ఒక పాయమీద పోసి చూశారు. చూస్తుండగానే అది మళ్లీ బిగుసుకుంది. అమ్మ లోపలికి పోయి మంచినీళ్ల కడవ వంచి చూసింది. చుట్టాల పిల్లలు అడుగుదాకా తాగేశారు.

గాజులత్త లేచి వాళ్లింటికి పోయింది. కాసేపటికి చంకలో కడవ, మూతికి తడిగుడ్డ కట్టినది, తీసుకుని వచ్చింది. ముందురోజు వాళ్లాయన ఏటినుంచి కావడిలో మోసుకొచ్చిన నీళ్లు. వాళ్లింట్లో ఉన్నవీ అవే.

అవ్వ వాకిట్లో నిలబడి ఉంది. నలుగు పెట్టిన పిల్ల తలమీద వాళ్లింటి నీళ్లు! నోరు తెరిచింది. అమ్మ ఆమెవైపు చూసింది. మా అమ్మ అవ్వను అట్లా చూడడం అంతకుముందు నేనెరగను. అవ్వ నోరు మూసుకుంది.

గాజులత్త నన్ను తొట్టిమీదికి వంచి చెంబుతో సన్నగా పోసింది. తొట్టిలో పడ్డ నీళ్లనే ముంచి మళ్లీ పోసింది. కొత్తనీళ్లు చివరికి దాచింది. సీకాయ నురగ వచ్చింది. బెంగుళూరులో వచ్చినంత రాలేదు గానీ వచ్చింది. నీళ్లు నుదుటినుంచి జారి పెదవులమీదికి వచ్చాయి. నాలుకతో తాకాను. తియ్యగా ఉన్నాయి. అప్పుడు ఏడ్చాను. తల వంచుకుని ఉన్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

కడవ ఖాళీ అయింది. తొట్టిలో మిగిలినవి కరివేపాకు చెట్టుకు పోశారు. తల ఆరుతుండగా నాకు గాజులు తొడిగింది. ఆమె చేతులకు ఆముదం జిడ్డు ఇంకా పోలేదు కాబట్టి ఎప్పుడూ కళ్లనీళ్లు తెప్పించే గాజులు ఆరోజు జారిపోయి కూర్చున్నాయి.

ఇంతలో మసీదు దిక్కునుంచి బాంగు వినిపించింది. ఆమె కొంగున కట్టుకున్న ఖర్జూరం విప్పి నోట్లో వేసుకుంది. గూట్లో తనకని బోర్లించిన సత్తు చెంబు తీసి, వాకిట్లోని బాన దగ్గరికి పోయి ముంచుకుంది. అవి పెద్దబావి నీళ్లు. అమ్మ, "వద్దు వదినా, అవి ఉప్పు, ఎవరింట్లోనన్నా అడిగి తెస్తా" అని పరుగెత్తబోయింది.

"ఇప్పుడు యాడ తిరుగుతావు. నీళ్లు నీళ్లే" అని ఆమె గుక్కతిప్పకుండా చెంబెడూ తాగింది. ముఖం కూడా చిట్లించలేదు. తాగి, చెంబు కడిగి, గూట్లో బోర్లించి, మలారం భుజానేసుకుని పోయింది. కత్తెర అక్కడే జగిలి మీద ఉంది.

అవ్వ ఆ చెంబువంక చూస్తూ చాలాసేపు వాకిట్లోనే నిలబడింది.

మా అత్తగారు తర్వాత పెళ్లిపందిట్లో నా జడను మళ్లీ ఒకసారి ఎగరేసి చూసుకుని, తన చుట్టాలందరికీ చూపించింది. అతనూ చూశాడు. ఆ సంసారంలో నేను సుఖపడ్డాను. కానీ నాకు పెళ్లి అంటే ముందు గుర్తొచ్చేది పందిరి కాదు, బయల్దేరిన పొద్దుటిపూట.

నాయన నీళ్లబండి తోలుకుని అప్పుడే వచ్చాడు. పెళ్లిబండి కట్టి ఉంది, నేను ఎక్కి కూర్చున్నాను. అవ్వ కనపడలేదు. చూస్తే, పీపా దగ్గర మా పూజగదిలోని ఇత్తడి బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఆ బిందెను మమ్మల్ని కూడా తాకనిచ్చేది కాదు. దాన్ని నింపుకుని చంకనెత్తుకుంది. నడుం వంగిన మనిషి, బిందె బరువుకు పక్కకు ఒరిగి నడుస్తోంది.

"యాడికి పోతాండావు అమ్మా? గడియ దాటిపోతాది" అని నాయన అరిచాడు.

"దాటనీ. బండి నిలబడితే ఏం అరిగిపోదులే" అంది అవ్వ, తిరిగి చూడకుండా.

గాజులత్త ఇల్లు బండి దారిలోనే. మేం మెల్లగా ఆమె వెనకాలే పోయాం. గాజులత్త వాకిట్లోకి వచ్చి అవ్వను చూసి బెదిరినట్టు నిలబడిపోయింది. అవ్వ అంతవరకూ తొక్కని ఆ గడప దాటి లోపలికి పోయి, నీళ్లు వాళ్ల కడవలోకి వంచి, ఖాళీ బిందెతో బయటికి వచ్చింది. బిందె కింద పెట్టి, గడప పట్టుకుని ఆయాసం తీర్చుకుంది.

"ఈ పొద్దు ఈ నీళ్లతోనే ఒక్కపొద్దు విడువు" అంది. "నువ్వు ఉప్పునీళ్లు తాగినావు, రాత్రి నాకు మెతుకు గొంతు దిగలే."